ఐదు నక్షత్రాల లెక్క

కొన్నవాళ్ళ అభిప్రాయాలను, అవి మెచ్చుకోళ్ళయినా తిట్లయినా, పుస్తకం పక్కనే చూపించడం అమెజాన్ 1995 నుంచే మొదలుపెట్టింది. తర్వాత పాటల సీడీలకూ, ప్రెషర్ కుక్కర్లకూ అదే పద్ధతి వచ్చింది. నక్షత్రాలు ఇవ్వడం తేలికే. వాటిని బట్టి వస్తువులను వరసలో పెట్టడమే చిక్కు.

ఒక కుక్కర్‌కి ముగ్గురే రాశారు, ముగ్గురూ 5 ఇచ్చారు. ఇంకోదానికి 200 మంది రాశారు, సగటు 4.6. ఉత్త సగటు చూస్తే మొదటిదే పైకొస్తుంది. ఆ ముగ్గురూ అమ్మేవాడి చుట్టాలైతే?

దీనికో చిట్కా ఉంది. ఆ కొట్లో వస్తువులకు మామూలుగా వచ్చే సగటు 4 అనుకుందాం. ప్రతి వస్తువుకూ పదిమంది ముందే 4 ఇచ్చినట్టు కలపండి.

మొదటిది: (10×4 + 3×5) ÷ 13 = 4.23
రెండోది: (10×4 + 200×4.6) ÷ 210 = 4.57

వరస తిరగబడింది కదా! దీన్నే బేసియన్ సగటు అంటారు. ఐఎండీబీ తన టాప్ 250 సినిమాల జాబితాకు చాలాకాలం ప్రకటించిన సూత్రమూ ఇలాంటిదే. కలిపేది పదా, యాభయ్యా అన్నది మీ డేటాని బట్టి ఎంచుకోవాలి.

ఈ సూత్రం దొంగ అభిప్రాయాలను మాత్రం పట్టలేదు. ఆ 200 మందీ డబ్బు తీసుకుని రాసినవాళ్ళయితే లెక్క మొత్తం తప్పే. అందుకే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో దొంగ అభిప్రాయాలు కొనడాన్నీ, అమ్మడాన్నీ నిషేధిస్తూ నిబంధన తెచ్చింది.

ఇంకో మాట. కొద్దిమందే చదివే తెలుగు పుస్తకం ఎంత మంచిదైనా ఈ లెక్కలో వెనకబడుతుంది. ముగ్గురికి బదులు పదిమంది 5 ఇస్తే 4.23 కాస్తా 4.5 అవుతుంది. కాబట్టి చదివిన పుస్తకం గురించి నాలుగు వాక్యాలు రాయండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కూడా రాయండి.