డయాలిసిస్ తర్వాత ఎంజైములు తగ్గుతాయా?

చారు పొయ్యిమీద మరచిపోతే ఏమవుతుంది? మరిగి మరిగి ఉప్పగా తయారవుతుంది. కొత్తగా ఎవరూ ఉప్పు వేయలేదు, నీరు తగ్గింది, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మనకు పనికివస్తుంది.

మూత్రపిండాలు చెడిపోయినవారి రక్తాన్ని డయాలిసిస్ యంత్రంలో సన్నని గొట్టాల గుండా పంపుతారు. ఆ గొట్టాల గోడలే వడపోత త్వచాలు. 1943లో నెదర్లాండ్స్ వైద్యుడు విలెం కోల్ఫ్ తన యంత్రానికి వాడిన త్వచమేమిటో తెలుసా? మాంసపు సాసేజ్‌లకు తొడిగే సెల్లోఫేన్ గొట్టం!

త్వచంలోని రంధ్రాలు బహు సూక్ష్మమైనవి. యూరియా అణుభారం 60, క్రియాటినిన్‌ది 113. ఇవి సులువుగా దాటిపోతాయి. ఎంజైములు మాంసకృత్తులు కదా! కాలేయం బాగోగులు తెలుసుకోవడానికి కొలిచే ఏఎల్‌టీ అనే ఎంజైము అణుభారం సుమారు లక్ష. అది దాటలేదు.

మరి డయాలిసిస్ అయ్యాక రక్తంలో ఏఎల్‌టీ ఎంత ఉంటుంది? తరగతిలో అడిగితే చాలామంది "తగ్గుతుంది" అనేస్తారు. లెక్క వేసి చూడండి. 3 లీటర్ల ప్లాస్మాలో 60 యూనిట్లు ఉన్నాయనుకుందాం. లీటరుకు 20. యంత్రం నీటిని లాగడంవల్ల ప్లాస్మా రెండున్నర లీటర్లకు తగ్గితే, లీటరుకు 24. ఎంజైము పెరగలేదు, అంకె పెరిగింది. మన చారు కథే!

రెండు డయాలిసిస్‌ల నడుమ ఒంట్లో నీరు చేరుతుంది. అప్పుడు రక్తం పలచబడి అంకె తగ్గుతుంది. ఇంకో కారణమూ ఉంది. ఏఎల్‌టీ పని చేయాలంటే బి6 విటమిన్ నుంచి తయారయ్యే సహాయక పదార్థం కావాలి. ఈ రోగులలో చాలామందికి బి6 కొరత ఉంటుంది. ప్రయోగశాలలో కొలిచేది ఎంజైము బరువును కాదు, అది చేసే పనిని. సహాయకుడు లేకపోతే పని మందగిస్తుంది, అంకె చిన్నదవుతుంది. (అమైలేజ్ సంగతి వేరు. దానిని కొంతవరకు వడకట్టి పంపేవి మూత్రపిండాలే కనుక, అవి చెడితే రక్తంలో అది తరచు పెరుగుతుంది.)

ఇది లెక్కల వినోదం కాదు. డయాలిసిస్ రోగులకు హెపటైటిస్-సి సోకే ప్రమాదం ఇతరులకన్నా ఎక్కువ. కాలేయం దెబ్బతింటున్నా ఏఎల్‌టీ "మామూలు" హద్దులోనే కనిపించవచ్చు. కాగితంమీది అంకె చూసి నిశ్చింతగా ఉంటే మోసపోతాం. అందుకే వీరికి ఏఎల్‌టీ ఒక్కటే చాలదు, ఆ వైరస్‌కోసం విడిగా రక్తపరీక్ష చేస్తారు.

ఇప్పుడు మీకో ప్రశ్న. రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు అణుభారం సుమారు 66,000. డయాలిసిస్ ముగియగానే యూరియా, ఆల్బుమిన్ అంకెలలో ఏది తగ్గుతుంది, ఏది పెరుగుతుంది? కారణం కూడా రాయండి.