ఛాయాగ్రహణ సంఘము: అభ్యాసము, పోటీ, మర్యాద

ఛాయాగ్రహణము నేర్చుటకు కెమెరా ఒక్కటి చాలునని పలువురు తలంతురు. కెమెరా కొనుటకు సొమ్ము చాలును. చూచుట నేర్చుటకు మాత్రము తోడివారు కావలెను. ఒకడు తీసిన చిత్రమును పదిమంది చూచి, బాగున్నచోట బాగున్నదనియు, లోపమున్నచోట లోపమనియు మొగమాటము లేక చెప్పినగాని, తీసినవానికి తన కన్ను ఎచట పొరపడినదో తెలియదు. ఇందుకొరకే ఔత్సాహికులైన ఛాయాగ్రాహకులు సంఘములుగా ఏర్పడుచుందురు. మా బెంగుళూరు పాఠశాలలోని ఛాయాగ్రహణ సంఘము అట్టి చిన్న సంఘములలో నొకటి. దాని పనితీరును, పోటీల పద్ధతిని, ఒక పోటీవలన మాకు కలిగిన గుణపాఠమును విద్యార్థుల యెదుట నుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇట్టి సంఘములు మన దేశమునకు క్రొత్తవి కావు. ఫ్రాన్సు దేశమున డాగేర్ కనుగొనిన పద్ధతి 1839 ఆగస్టు 19వ తేదీన లోకమునకు వెల్లడి చేయబడెను. పదునైదేండ్లలోనే, అనగా 1854లో, బొంబాయి నగరమున ఛాయాగ్రహణ సంఘము వెలసెను. 1856లో కలకత్తాయందును, మదరాసునందును అట్టివే ఏర్పడెను. 1850లో మదరాసున కళాపాఠశాలను నెలకొల్పిన డాక్టరు అలెగ్జాండరు హంటరు ఈ క్రొత్తవిద్యను తన శిష్యులకు నేర్పించెను. తెలుగునాటి విషయమునకు వచ్చినచో, రాజా దీనదయాళ్ 1880ల దశాబ్దిలో నైజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పి, ఆ కాలపు కోటలను, కొలువులను, జనులను మనకు చిత్రములుగా మిగిల్చి పోయెను.

మనము నివసించు బెంగుళూరు నగరమునకు ఈ కళతో గాఢమైన సంబంధము కలదు. 1950లో స్విట్జర్లాండు దేశపు బెర్న్ నగరమున అంతర్జాతీయ ఛాయాగ్రహణ కళాసమాఖ్య ఏర్పడగా, 1953లో భారతీయ ఛాయాగ్రహణ సమాఖ్య స్థాపితమయ్యెను. దాని స్థాపనకు ముఖ్యముగా పాటుపడినవారు బెంగుళూరు వాసియైన డాక్టరు జి. తామస్. 1971లో ఇచట ఆరంభమైన యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఎందరికో ఈ విద్య నేర్పినది. వన్యజీవుల చిత్రములకు పేరుగాంచిన ఇ. హనుమంతరావు, టి. ఎన్. ఏ. పెరుమాళ్ ఈ నగరమువారే. అట్టి పెద్దల నీడలో మా పిల్లలు తమ చిన్న సంఘమును నడుపుకొనుచున్నారు.

మా సంఘము నెలకు రెండు పర్యాయములు సమావేశమగును. మొదటి సమావేశమున పాఠము, రెండవదానిలో పోటీ. పాఠములన్నింటిలోను ముందు చెప్పునది వెలుతురు లెక్క. నిర్మలమైన ఎండలో ద్వారపు అంకెను 16 వద్ద నుంచి, ఫిలుము వేగము 125 అయినచో షట్టరును సెకనులో 125వ వంతు కాలము తెరచిన చాలును. ద్వారమును ఒక మెట్టు పెద్దది చేసి 11 వద్ద నుంచినచో లోపలికి వచ్చు వెలుతురు రెట్టింపగును. కావున షట్టరు కాలమును సగము చేసి 250వ వంతునకు తేవలెను. ఇట్లే 8 వద్ద 500వ వంతు, 5.6 వద్ద 1000వ వంతు. ఎగురు పక్షి రెక్కలు చెదరక పడవలెనన్న ఈ కడపటి లెక్కయే తగినది. నేటి కెమెరాలును, చేతి ఫోనులును ఈ గణితమును తామే చేసికొనును. అయినను లెక్క తెలిసినవాడు యంత్రమును ఏలును. తెలియనివానిని యంత్రమే ఏలును.

ఇందుకే మేము ఒక పాత పెట్టె కెమెరాను ఇంకను విడువలేదు. ఒక 120 ఫిలుము చుట్టకు అందులో పన్నెండు చిత్రములే వచ్చును. ఫోనుతో నిమిషమునకు నలువది చిత్రములు తీయు బాలుడు, పన్నెండే యున్నవని తెలిసిన వెంటనే మీట నొక్కుటకు ముందు నిలిచి ఆలోచించును. పిదప చీకటిగదిలో ఎఱ్ఱదీపపు వెలుగున, మందునీటి పళ్ళెములో తెల్లకాగితముపై తన ఇంటి ముంగిలి మెల్లగా తేలివచ్చుట చూచిన పిల్లవాడు ఆ దినమును మరువడు.

ఇక పోటీ సంగతి. ప్రతిమాసము ఒక విషయము నిర్ణయింపబడును. సభ్యుడు రెండు చిత్రములకు మించి పెట్టరాదు. చిత్రముపై పేరు ఉండదు, అంకె మాత్రముండును. న్యాయనిర్ణేత వెలుపలినుండి వచ్చును. ఆయన చూచునవి మూడు. మొదటిది పనితనము: చిత్రము చెదరినదా, వెలుతురు హెచ్చుతగ్గులు లేక పడినదా. రెండవది కూర్పు: ఏది ఎచట నున్నది, అనవసరమైన దేదైన చొరబడినదా. మూడవది భావము: ఈ చిత్రము ఏమి చెప్పుచున్నది, చెప్పదగినదే చెప్పుచున్నదా.

కూర్పులోని దోషమునకు ఒక ఉదాహరణము. ఒక బాలిక తన అవ్వను గుడి ముంగిట నిలిపి చిత్రము తీసెను. అవ్వ ముఖమున వెలుగు చక్కగా పడెను. కాని వెనుకనున్న ధ్వజస్తంభము ఆమె తలపై మొలచినట్లు కనబడెను. సభ నవ్వినది. న్యాయనిర్ణేత నవ్వక, “అమ్మాయీ, నీవు ఒక్క అడుగు ప్రక్కకు జరిగియుండిన చాలునే” యనెను. ఆ ఒక్క మాటతో కూర్పు పాఠము సభ్యులందరికిని ఒకేసారి బోధపడినది.

చిత్రము తీయుట సులభమైన కొలది, దానిని మార్చుటయు సులభమగుచున్నది. అందుచేత పోటీలలో నిబంధనలు అవసరమైనవి. ప్రకృతి విభాగమునకు సంబంధించి అంతర్జాతీయ సమాఖ్యయు, అమెరికా, బ్రిటను దేశముల ప్రముఖ సంఘములును 2014లో ఒకే నిర్వచనమునకు అంగీకరించెను. దాని ప్రకారము చిత్రములో లేనిది చేర్చరాదు; ఉన్నది తుడిచివేయరాదు; అంచులు కత్తిరింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, చిత్రముకంటె ప్రాణి క్షేమము మిన్న. ఈ వాక్యమును మేము పాఠముగా చెప్పియే యుంటిమి. పాఠము చెప్పుట వేరు, పాటించుట వేరు అని మాకు వీరాపురమున తెలిసివచ్చినది.

వీరాపురము చిలమత్తూరు మండలములోని తెలుగు పల్లె. కర్ణాటక సరిహద్దునకు చేరువ. అది యున్న శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ మాసముననే క్రొత్తగా ఏర్పడినది. ఏటేట జనవరి ప్రాంతమున పసుపుపచ్చని పొడవైన ముక్కును, రెక్కల వెనుక గులాబివన్నెయు గల పెద్దకొంగలు అచటికి వచ్చి, ఇండ్లనడుమనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానకాలమున తరలిపోవును. గ్రామస్థులు వానిని పురుటికి వచ్చిన ఆడపడుచులవలె భావింతురు. పరీక్షలు ముగిసిన పిమ్మట, ఆ ఏప్రిల్ మాసముననే ఒక ఆదివారము మేము పదునలువురు విద్యార్థులతో అచటికి పోతిమి.

ఉదయమంతయు పక్షులు గూళ్ళయందే యుండెను. మధ్యాహ్నమాయెను. తల్లికొంగలు రెక్కలు విప్పి పిల్లలకు గొడుగుపట్టినట్లు నిలిచియుండెను. మాలో నొక విద్యార్థికి ఎగురు పక్షుల చిత్రము కావలెను. రెండు గంటలు వేచి, ఓపిక నశించి, ఒక మట్టిబెడ్డను కొమ్మలలోనికి విసరెను. ఒక్కసారిగా ముప్పది నలువది పక్షులు లేచినవి. అతడు చిత్రము తీసెను. ఇచట మేము దాచరాని దొకటి కలదు. అతడు చేయి యెత్తుట మేము చూచితిమి. వారింపలేదు. మేమును కెమెరా ఎత్తి మీట నొక్కితిమి.

ఆ కలవరములో ఒక గూటినుండి రెక్కలు రాని పిల్ల క్రిందపడెను. ఎదుటి యింటి అవ్వ పరుగున వచ్చి, దానిని చీరచెరగున ఎత్తుకొని, “పురుటికొచ్చిన బిడ్డను ఎవరైనా బెదరగొడతారా నాయనా?” యని మాత్రమే అనెను. ఆమె తిట్టియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

జూనుమాసపు పోటీలో ఆ చిత్రమునకే మొదటి బహుమతి వచ్చెను. చెదరని రెక్కలు, చక్కని వెలుగు, నిండైన కూర్పు, దోషము కానరాదు. న్యాయనిర్ణేత ప్రశంసించి, “ఇన్ని పక్షులు ఒక్కమారుగా ఎట్లు లేచినవి?” యని అడిగెను. సభలో మాటలేదు. మాకు జవాబు తెలియును; అయినను పెదవి విప్పలేదు. అప్పుడు ఆ విద్యార్థియే లేచి, “నేను మట్టిబెడ్డ విసరితిని, అయ్యా. ఒక పిల్ల పడిపోయినది” అని చెప్పి, చిత్రమును బల్లపైనుండి తానే తీసికొనెను. అతడు కూర్చున్న పిదప మేము లేచి, చూచియు వారింపలేదని ఒప్పుకొంటిమి. గురువు ముందు చెప్పవలసినది శిష్యుడు ముందు చెప్పెను. ఆ మాసమున మొదటి బహుమతి ఎవరికిని ఈయలేదు.

ఆ నెల చివర అతనిని వెంటబెట్టుకొని మరల వీరాపురము పోతిమి. పిల్ల మూడవనాడు చనిపోయినదని అవ్వ చెప్పెను. అతడు చిత్రమును ఆమె చేతికిచ్చెను. ఆమె దానిని వెలుగుకు త్రిప్పి చాలసేపు చూచి, “ఇవి ఎగురుతున్నవి కావు నాయనా, బెదిరినవి. మెడలు చూడు” అనెను. మేము చూచితిమి. మెడలన్నియు వెనుకకు, గూళ్ళవైపునకే తిరిగియుండెను. పనితనము, కూర్పు తూచిన మా కండ్లకు అంతవరకు అది కనబడలేదు. మూడవదియైన భావమును చదివినది ఆమెయే.

అటుపిమ్మట మా సంఘము కొన్ని నియమములను వ్రాసికొన్నది.

1. గూటిపై నున్న పక్షిని దూరమునుండియే తీయవలెను. పక్షి తల యెత్తి మనవైపు చూచినచో వెనుకకు జరుగవలెను.

2. కొమ్మలు విరుచుట, ఆకులు తొలగించుట, చప్పుడు చేయుట, ఏదేని విసరుట కూడదు. తల్లి లేచిన కొద్ది నిమిషములలోనే ఎండ పిల్లలను మాడ్చును. కాకి గ్రుడ్లను ఎత్తుకొనిపోవును.

3. మనుష్యులను తీయునపుడు వారి అనుమతి కోరవలెను. వలదన్నచో కెమెరా దించవలెను.

4. పోటీకి పెట్టు ప్రతి చిత్రము వెనుక, అది ఎట్లు తీయబడినదో రెండు వాక్యములలో వ్రాయవలెను.

5. తోడివాడు తప్పుచేయుచుండగా చూచి మిన్నకుండినవాడును ఆ మాసపు పోటీకి అనర్హుడు. ఈ నియమము ఉపాధ్యాయులకును వర్తించును.

ఐదవ నియమమును ప్రతిపాదించినవారము మేమే.

ఆ విద్యార్థి మరుసటి సంవత్సరము మరల వీరాపురపు చిత్రమునే పోటీకి పెట్టెను. అందులో ఎగురు పక్షి లేదు. మధ్యాహ్నపు ఎండలో రెక్కలు విప్పి నిలిచిన తల్లికొంగ, ఆ నీడలో రెండు పిల్లలు. రెక్క అంచు కొంచెము చెదరినదని న్యాయనిర్ణేత రెండవ స్థానమే ఇచ్చెను. వెనుకనున్న రెండు వాక్యములలో మొదటిది, “ఉదయము ఏడు గంటలనుండి వేచితిని” అని. రెండవది, “పక్షులు లేవలేదు” అని.

విద్యార్థులారా, మీలో చాలమంది చేతులలో నేడు ఏదో యొక కెమెరా ఉన్నది. వెలుతురు లెక్క నేర్వుడు. ఒక్క అడుగు ప్రక్కకు జరుగుట నేర్వుడు. పోటీలలో పాల్గొని, ఓటమికి క్రుంగక, విమర్శకు చెవియొగ్గుడు. అయితే మీట నొక్కుటకు ముందు, ఈ చిత్రమువలన ఎదుటి ప్రాణికి కీడు కలుగునా యని ఒక్కసారి తలంపుడు. కలుగునని తోచినచో చేయి దించుడు. ప్రక్కవాని చేయి లేచినచో దానినిగూడ పట్టుకొనుడు.