641 దగ్గర తేలిన లెక్క

ప్రశ్న: 429,49,67,297 ప్రధాన సంఖ్యేనా? కంప్యూటర్ లేకుండా తేల్చవచ్చా? పదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది.

జవాబు: కాదండీ. దాన్ని చేత్తోనే తేల్చారు. ఇది 2³²+1. 2 ఘాతాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ వచ్చే ఈ వరసలో ముందున్న 3, 5, 17, 257, 65,537 అయిదూ ప్రధాన సంఖ్యలే. అందుకే ఇదీ అంతేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో గణితవేత్త ఆయిలర్ ఆ నమ్మకాన్ని చెరిపేశాడు.

మామూలు పద్ధతిలో అయితే 65,536 లోపున్న ఆరువేల పైచిలుకు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. కానీ దీన్ని భాగించగల ఏ ప్రధాన సంఖ్యకైనా, 64తో భాగిస్తే శేషం 1 రావాలని రుజువు చేయవచ్చు. అలాంటివి 193, 257, 449, 577, 641... అయిదో ప్రయత్నానికే దొరికిపోయింది! నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని లెక్క ఇది.

641 ఎందుకు భాగిస్తుందో మీ అమ్మాయికి ఇలా చెప్పండి. 641 అంటే 5×2⁷+1, 625+16 కూడా. 5×2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాని నాలుగో ఘాతం 625×2²⁸. అప్పుడు శేషం 1. 625 బదులు −16 పెడితే −2³²కి శేషం 1. అంటే 2³²+1కి శేషం సున్న.

65,537 తర్వాత ఈ వరసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. 641ని 67,00,417తో గుణించి చూడమనండి, కాగితం మీదే.