రాజపాళయం కుక్క చెప్పే జన్యు పాఠం

తమిళనాడు విరుదునగర్ జిల్లాలో తెలుగు రాజుల ఊరు రాజపాళయం ఉంది. ఆ ఊరి పేరు పెట్టుకున్న వేటకుక్కకు ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబీ. 2005లో తపాలా బిళ్లకెక్కిన నాలుగు దేశీయ జాతుల్లో ఇదొకటి. మిగతావి ముధోల్, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్. పరీక్షలో బిట్టుగా అడగదగ్గదే.

అసలు పాఠం రంగులో ఉంది. చర్మ కణంలోనూ ఎముక కణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. ఏ జన్యువు ఎక్కడ మేల్కొంటుందన్నదే తేడా. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఎన్‌హాన్సర్ అనే డీఎన్‌ఏ ముక్కకు అతుక్కుంటే, ఎంతో దూరాన ఉన్న జన్యువైనా చురుకవుతుంది. ఎంఐటీఎఫ్ అలాంటి ఫ్యాక్టరే. రంగు కణంలో మెలనిన్ జన్యువులను నడుపుతుంది. అదే ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లో వేరే జన్యువుల పని చూస్తుంది! బాక్సర్ కుక్కల తెల్లమచ్చలకు మూలం ఎంఐటీఎఫ్ జన్యువు దగ్గరే ఉందని 2007లో తేలింది. రంగు కణాలు లోపలి చెవికీ అవసరం. అందుకే కొన్ని తెల్ల కుక్కలకు పుట్టు చెవుడు. మనుషుల్లో ఈ జన్యులోపం వల్ల వచ్చేది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ రెండో రకం.

ఎన్‌హాన్సర్ సంగతికొస్తే, తొలిదాన్ని 1981లో ఎస్‌వీ40 వైరస్‌లో గుర్తించారు. ప్రమోటర్ అనే డీఎన్‌ఏ ముక్క జన్యువుకు మొదట్లోనే ఉండాలి, ఎన్‌హాన్సర్‌కు ఆ కట్టుబాటు లేదు. రెండూ ఒకటేనన్న ఆప్షన్ కనిపిస్తే టిక్కు పెట్టకండి.