కంకర మిషన్ దగ్గర నేర్చుకున్నవి

1. డాక్టరు అడగకపోయినా చేసిన పని చెప్పండి. వానలు ముఖం చాటేసి వేరుశనగ కాయ పట్టని ఏడు, గోరంట్ల దగ్గర కంకర మిషన్‌లో చేరినాను. పదకొండేళ్లు చేసినాను. ఆయాసం మొదలైతే ఒకచోట తెమడ పరీక్ష కూడా చేయకుండా ఆర్నెల్లు టీబీ మాత్రలు మింగించినారు. ఆయాసం అట్లే ఉండిపోయింది. చివరికి బెంగళూరులో ఒక డాక్టరమ్మ, "ఏం పని చేసేవారు పెద్దాయనా?" అనడిగింది. స్కాన్ తీయించి, సిలికోసిస్ అని చెప్పింది.

2. దెబ్బతీసేది కంటికి ఆనని పొడి. రాతిలోని సిలికా నలిగి, ఊపిరితిత్తుల చివర ఉండే గాలితిత్తుల దాకా పోతుంది. దాన్ని మింగిన రక్షక కణాలు చచ్చిపోతాయి, పొడి మళ్లీ బయటపడుతుంది, కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. ఇట్లా జరిగిన చోటల్లా, కాలిన పుండు మానినాక చర్మం బిగుసుకున్నట్టు మచ్చ కడుతుంది. అందుకే పని మానేసినా జబ్బు ముదరొచ్చు. ఈ మాట మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే!

3. ముఖానికి చుట్టిన తుండుగుడ్డ ఆ పొడిని ఆపదు. నీళ్లు చల్లితే చాలావరకు అణుగుతుంది. బిందెలు వరుసపెట్టి ట్యాంకరు కోసం కాచుకునే సీమలో రాళ్లకు నీళ్లెక్కడివి అంటారు. మనిషి ఊపిరికంటే ట్యాంకరు నీళ్లు ఖరీదా?

4. కాగితాలు పారేయొద్దు. మన పక్కనున్న కోలారు బంగారు గనుల్లో 1934లోనే ఈ జబ్బును గుర్తించినారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల పట్టికలో దీన్నీ చేర్చినారు. పరిహారం అడగాలంటే ఎక్స్‌రేలు, పనిచేసిన ఏళ్ల ఆధారాలు కావాలి.

5. రాయి ముట్టని ఇంట్లోనూ మచ్చ కట్టొచ్చు. ఇట్లాంటి ఊపిరితిత్తుల జబ్బులున్న 1,084 మందిని మన దేశంలో పరిశీలించి 2017లో లెక్క తేల్చితే, దాదాపు సగం మందికి బూజు, పావురాల రెట్ట, ఎయిర్ కూలర్ల వంటివి పడకపోవడం వల్ల వచ్చే రకమే కనబడింది. తడిసి బూజుపట్టిన వేరుశనగ కట్టె వామి విప్పిన రాత్రి జ్వరం, దగ్గు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు.

6. మచ్చ పోదు. నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ మాత్రలు కొన్ని రకాల్లో అది పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. ఎవరికి పనికొస్తాయో డాక్టరే తేల్చాలి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సులువుగా వస్తుంది. రాత్రి చెమటలు పట్టినా, బరువు తగ్గినా తెమడ పరీక్ష చేయించుకోవాలి. నేను బీడీ మానేసినాను, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకున్నాను.

7. నడక మానొద్దు. ఆయాసానికి భయపడి మంచం పట్టితే కాళ్లు కూడా చచ్చుబడతాయి. నేను రోజూ మాధవరాయస్వామి గుడి దాకా పోతాను. దారిలో రెండు చోట్ల ఆగుతాను. నిరుడు నాలుగు చోట్ల ఆగేవాణ్ణి.