దారంతో ‘ర’

మార్చి నెలాఖరు వచ్చిందంటే మన బడుల్లో రెండు పనులు ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి ఉగాది శుభాకాంక్షలు. రెండోది, బదిలీ అయినవాళ్ళ పిల్లలు టీసీలు తీసుకుని వెళ్ళిపోవడం. వెళ్ళేవాళ్ళ చేతిలో తరగతి తరఫున ఒక కార్డు పెడతాం. తెలుగునాటికి దూరంగా ఉన్న ఊళ్ళలో దుకాణాల్లో తెలుగు కార్డులు దొరకవు. వెళ్ళబోయే బడిలో తెలుగు చెప్పేవాళ్ళు ఉంటారో ఉండరో తెలియదు. కొన్నాళ్ళపాటు ఆ పిల్లవాడి బల్ల మీద కనిపించే తెలుగు ఈ కార్డు మీది అక్షరమే కావచ్చు. అందుకే ఆ అక్షరాన్ని పెన్నుతో కాకుండా సూదీ దారంతో, కాగితం మీద క్రాస్ స్టిచ్‌తో రాయడం మొదలుపెట్టాం. అది ఎలా చేస్తామో ఇక్కడ చెబుతున్నాం. చదివి ఊరుకోకండి, ఒక అక్షరమైనా కుట్టి చూడండి.

క్రాస్ స్టిచ్ అంటే చిన్న చదరంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒక కుట్టు, దాని మీదుగా మిగిలిన రెండు మూలలను కలుపుతూ ఇంకో కుట్టు. లెక్కల్లో ఇంటూ గుర్తు లాగే ఉంటుంది కాబట్టి మా పిల్లలు దీన్ని ‘ఇంటూ కుట్టు’ అనేశారు. ఆ పేరే బాగుంది, మేమూ అదే వాడుతున్నాం. ఇది పరాయి విద్య అనుకోనక్కర్లేదు. ధార్వాడ ప్రాంతపు కసూతి పనిలో ఉన్న నాలుగు రకాల కుట్లలో ఒకటి ఇదే. దాని పేరు మెంతి. అవును, మన పోపుల డబ్బాలో మెంతులే. బట్ట మీద కాకుండా చిల్లుల కాగితం మీద కుట్టడం కూడా పాతదే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో చిల్లుల అట్టల మీద సూక్తులూ పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులూ కుట్టేవారు. ఇక చుక్కలు పెట్టి, లెక్క తప్పకుండా కలుపుకుంటూ పోవడం చుక్కల ముగ్గు వేసే ఇంట్లో ఎవరికీ కొత్త కాదు.

కావలసినవి ఎక్కువేమీ లేవు. 250 నుంచి 300 జీఎస్‌ఎం మందం ఉన్న ఐవరీ షీటు, గ్రాఫ్ కాగితం, ఎంబ్రాయిడరీ దారం, మొన మొద్దుగా ఉండే సూది, తూట్లు పొడవడానికి సన్నని వాడి సూది ఒకటి, కింద వేసుకోవడానికి థర్మోకోల్ ముక్క. ఏ4 షీటును సగానికి కత్తిరించి, ఆ సగాన్ని మడిస్తే 10.5 సెంటీమీటర్లు, 14.8 సెంటీమీటర్లు ఉన్న కార్డు వస్తుంది. వాడి సూది కన్ను ఉన్న వైపును సీసా బిరడాలో గుచ్చుకుంటే పట్టు దొరుకుతుంది, వేలు నొప్పి పుట్టదు.

అసలు చిక్కు అక్షరం దగ్గర వస్తుంది. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు అడ్డం అయిదు, నిలువు ఏడు గళ్ళలో ఇమిడిపోతాయి. తెలుగు అలా ఇమడదు. రైల్వేస్టేషన్లలో వెలిగే చుక్కల బోర్డు మీద తెలుగు ఊరిపేరు చదవడానికి మనం ఒక్క క్షణం ఆగడం గుర్తుందా? గుండ్రటి అక్షరాన్ని చదరపు గళ్ళలో కూర్చోబెట్టాలంటే అదే ఇబ్బంది. “ఇంగ్లిషులో ‘బై’ అని కుట్టేద్దాం, పావుగంటలో అయిపోతుంది” అని తరగతిలో ఎవరో ఒకరు అంటారు. పావుగంటలో అయిపోతుందన్న మాట నిజమే. మేము మాత్రం సున్నతో మొదలుపెట్టమంటాం.

అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళు గీయండి. మొదటి వరుసలో 2, 3, 4 గళ్ళు నింపండి. తర్వాతి మూడు వరుసల్లో 1, 5 మాత్రమే. చివరి వరుసలో మళ్ళీ 2, 3, 4. నాలుగు మూలలూ, మధ్యలో ఉన్న తొమ్మిది గళ్ళూ ఖాళీ. మొత్తం 12 ఇంటూలు. సున్న వచ్చేసింది. ఇప్పుడు దాని నెత్తిన మూడు వరుసలు కలపండి. సున్నకు ఆనుకున్న వరుసలో 3, 4 గళ్ళు, ఆపై వరుసలో 2, 5 గళ్ళు, అన్నిటికంటే పైన ఆరో గడి ఒక్కటి. అది తలకట్టు. మొత్తం 17 ఇంటూలతో ‘ర’ తయారు. దీని కడుపులో సరిగ్గా నడిమి గడిలో ఇంకొక్క ఇంటూ వేయండి, అది ‘ఠ’ అయిపోతుంది, కంఠంలో ఠ. ఒక్క కుట్టు చాలు, అక్షరం మారిపోవడానికి. పరీక్ష పేపర్లలో ‘ద’కూ ‘ధ’కూ తేడా చూపించనివాళ్ళు కూడా, దారంతో కుట్టవలసి వచ్చేసరికి ఆ కింది చిన్న గీత ఎక్కడుందో పుస్తకం తెరిచి వెతుకుతారు. మేము ఈ పనిని తెలుగు పీరియడ్‌లో చేయించడానికి ముఖ్య కారణం ఇదే. చేతిపని పీరియడ్ వేరే ఉంది కదా అని అడిగినవాళ్ళకు కూడా ఇదే చెప్పాం.

‘ర’ వచ్చాక ‘రా’ చేయండి. చాలామంది తలకట్టు అలాగే ఉంచి పక్కన దీర్ఘం తగిలిస్తారు. అలా కుదరదు. దీర్ఘం వచ్చినప్పుడు తలకట్టు దిగిపోవాలి. గుడి వచ్చినా అంతే. పలకమీద దిద్దిన రోజుల్లోనే ఇది నేర్చుకున్నాం గానీ, గళ్ళు లెక్కపెట్టుకుంటే తప్ప గమనించం. జ, ట, ణ, బ, ల లాంటి అక్షరాలకు అసలు తలకట్టే ఉండదు, వాటికి పై వరుసలు మిగిలిపోతాయి. ఒత్తులు ఉన్న మాటకు కింద కూడా చోటు కావాలి. అందుకని తెలుగు మాటకు మేము మూడు అంతస్తులు వేసుకుంటాం. తలకట్టుకూ గుడికీ పైన మూడు వరుసలు, అక్షరానికి నడుమ ఏడు, ఒత్తుకు కింద నాలుగు, వెరసి 14 వరుసలు. సున్నకూ ‘ర’కూ అయిదు వరుసలు చాలు కానీ ‘మ’, ‘శ’, ‘ఘ’ లాంటివి ఏడు లేకపోతే పోల్చుకోలేం.

మాట ఎంచుకునేటప్పుడు లెక్క చూసుకోవాలి. ‘శుభాకాంక్షలు’ తీసుకోండి. అక్షరానికి తొమ్మిది గళ్ళ వెడల్పు, సున్నకు అయిదు, మధ్యలో ఒక్కొక్క ఖాళీ గడి వదిలితే 55 గళ్ళు. గడి 3 మిల్లీమీటర్లయితే 165 మిల్లీమీటర్లు కావాలి, మన కార్డు పొడవు 148 మాత్రమే. గడిని 2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 110లో సరిపోతుంది గానీ ఆరో తరగతి చేతులకు అది కష్టం. చిన్నవాళ్ళు ‘అమ్మ’, ‘జయం’ లాంటి మాటలు ఎంచుకోవచ్చు. వెళ్ళిపోయే స్నేహితుడికైతే ‘రా’ ఒక్కటి చాలు, అది అక్షరమూ, పూర్తి వాక్యమూ.

పిల్లలు సరదాపడి చేసే పని ఇంకొకటి ఉంది, కార్డు చుట్టూ అంచు కుట్టడం. అది వద్దు. పక్కపక్కన 40 ఇంటూలు వేస్తే ఒకే గీత మీద 41 తూట్లు పడతాయి, అలాంటి గీతలు రెండు. తపాలా బిళ్ళల షీటులో చిల్లులు ఎందుకు పెడతారు? చింపడానికే కదా. మన కార్డూ అక్కడే చిరుగుతుంది. మాట కింద గీత కుట్టినా ఇదే గతి. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో తిన్నని గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుందనీ, మన అక్షరాలు గుండ్రబడటానికి అదొక కారణమనీ చెబుతారు. కాగితం మీద సూది పట్టుకున్నప్పుడు ఆ మాట చేతికి అర్థమవుతుంది. పైన చెప్పిన సున్నలో ఏ గీత చూసినా ఆరు తూట్లకు మించవు. ఏడు గళ్ళ ఎత్తున్న ఇంగ్లిషు ‘హెచ్’లో ఎనిమిదేసి తూట్ల నిలువు వరుసలు నాలుగు ఉంటాయి. గళ్ళలో కూర్చోవడానికి మొరాయించిన తెలుగు అక్షరమే కాగితాన్ని తక్కువ చింపుతుందన్నమాట. అందుకే కార్డు అంచుకూ కుట్టుకూ మధ్య కనీసం ఒకటిన్నర సెంటీమీటర్లు వదలండి, మడత దగ్గరకు అసలు వెళ్ళకండి.

ఇక తూట్లు. గ్రాఫ్ కాగితాన్ని కార్డు ముఖం వైపు క్లిప్పులతో బిగించి, కార్డును విప్పి పరిచి, గళ్ళ మూలల్లో నిటారుగా పొడవండి. గడి మధ్యలో కాదు, మూలల్లో. అయిదు ఇంటూల వరుసకు ఆరు తూట్లు కావాలి, ఎప్పుడూ ఒకటి ఎక్కువ. వాడే మూలలకే తూటు పెట్టండి. పైన చెప్పిన సున్నకు 28 చాలు, 36 అక్కర్లేదు. ఏ ఎనిమిది అక్కర్లేదో మీరే గీసి చూసుకోండి. గ్రాఫ్‌ను వెనకవైపు పెట్టి పొడిచారో, అద్దంలో చూసినట్టు తలకిందుల తెలుగు కాకపోయినా ఎడమ కుడి మారిన తెలుగు వస్తుంది. ప్రతి ఏడూ ఒకరైనా ఆ పని చేసి తరగతిని నవ్విస్తారు.

దారంలో ఆరు పోగులుంటాయి. గడి 3 మిల్లీమీటర్లయితే మూడు పోగులు, 2 అయితే రెండు పోగులు విడదీసుకోండి. ముడి వేయకండి, వెనక ఉబ్బెత్తుగా ఉండి కార్డు సరిగా మూసుకోదు. కొసను చిన్న టేపు ముక్కతో అంటించండి. కింద ఎడమ తూటులోంచి సూది పైకి తీసి, పైన కుడి తూటులో దింపండి. వరుస మొత్తం ఇలా సగం కుట్లు వేసుకుంటూ పోయి, వెనక్కి వస్తూ రెండో సగం వేయండి. అన్ని ఇంటూల్లోనూ పై కుట్టు ఒకే దిక్కుకు వాలాలి. ఒక్కటి అటు వాలినా కాంతిలో వేరుగా మెరిసి దొరికిపోతుంది. బట్టను లాగినట్టు దారాన్ని లాగితే రెండు తూట్లు ఒకటైపోతాయి. కాగితం సాగదు, క్షమించదు.

ఎంత దారం కావాలో పైథాగరస్ చెబుతాడు. 3 మిల్లీమీటర్ల గడికి మూల నుంచి మూలకు 4.24 మిల్లీమీటర్లు, రెండు కుట్లకు 8.5. వెనక నిలువుగా మూడేసి చొప్పున ఇంకో 6. అంటే ఒక ఇంటూకు 14.5 మిల్లీమీటర్లు. ‘ర’లో 17 ఉన్నాయి కాబట్టి పాతిక సెంటీమీటర్లు. కొసలకూ సూది పట్టుకూ కలుపుకుని 45 సెంటీమీటర్లు కత్తిరించుకోండి. అంతకంటే పొడవైతే చిక్కుపడుతుంది.

కుట్టడం పూర్తయ్యాక వెనక కనిపించే కుట్లను మూసేలా లోపల ఒక తెల్ల కాగితం అంటించండి. జిగురు అంచులకే రాయాలి, కుట్ల మీద పడితే తడి ముందువైపుకు ఊరుతుంది. ఆ కాగితం మీద తరగతివాళ్ళంతా తెలుగులో సంతకాలు పెట్టాలి. పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు. పోస్టులో పంపేటప్పుడు కవరులో కుట్టు మీద ఒక పలచటి అట్టముక్క పెట్టండి, ముద్ర వేసే దెబ్బకు దారం నలగకుండా ఉంటుంది. మామూలు ఉత్తరం కంటే ఇది బరువు తూగుతుంది, కాబట్టి పోస్టాఫీసులో తూకం వేయించాకే బిళ్ళలు అంటించండి.