ఒకే లైను, ఉమ్మడి భారం

ప్రశ్న: శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతానికి విద్యుత్తును చేరవేసే హైటెన్షన్ లైన్ల వంటి వాటిని అనేక ప్రభుత్వ సంస్థలు ఉమ్మడిగా సొంతం చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, బీహార్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్, ఆ రాష్ట్ర విద్యుత్ హోల్డింగ్ కంపెనీ సమాన వాటాలతో బీహార్ గ్రిడ్ కంపెనీని నెలకొల్పడమే ఇందుకు నిదర్శనం. అయితే దేశంలో ఎక్కువగా కనిపించేది, యాజమాన్యం ఒకరిదిగా ఉండి ఖర్చును మాత్రం వినియోగించుకునేవారంతా పంచుకునే పద్ధతి.

శంషాబాద్‌లోనూ ఇదే పద్ధతి. ఆ ప్రాంతంలో విద్యుత్తును వినియోగదారులకు పంపిణీ చేసేది తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కాగా, రాష్ట్రంలోపలి హైటెన్షన్ సరఫరా వ్యవస్థ బాధ్యత రాష్ట్ర విద్యుత్ సరఫరా సంస్థ ట్రాన్స్‌కోది; ఆ వ్యవస్థను వాడుకున్నందుకు డిస్కంలు చెల్లించే రుసుమును, అంటే సరఫరా చార్జీలను, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు, అంతవరకు ఒకే ట్రాన్స్‌కో చేతిలో ఉన్న కొన్ని లైన్లు కొత్త సరిహద్దును దాటవలసి వచ్చి, 2003 విద్యుత్ చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర లైన్లుగా మారాయి. అంతర్రాష్ట్ర వ్యవస్థ ఖర్చును రాష్ట్రాల మధ్య ఎలా పంచాలో కేంద్ర నియంత్రణ మండలి 2020 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

ఉమ్మడి యాజమాన్యం వల్ల పెట్టుబడి భారం తగ్గి, ఒకే మార్గంలో రెండు లైన్లు వేయవలసిన అవసరం తప్పుతుంది కనుక రైతుల భూమి మిగులుతుంది. కాని మరమ్మతు ఎవరు చేయాలి, సామర్థ్యంలో ఎవరి వాటా ఎంత, వివాదం వస్తే ఎవరు తీర్చాలి అన్నవి ఒప్పందంలో ముందే స్పష్టంగా రాసుకోకపోతే పనుల్లో జాప్యం తప్పదు; ఆ జాప్యానికి మూల్యం చెల్లించేది సామాన్య వినియోగదారుడే.